బండికి తెలియని బరువు

అత్తగారి మీద కోడలికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ ఎప్పుడూ తప్పు చెయ్యరు.

కూరలో ఉప్పు ఎక్కువైతే, ఆ ప్యాకెట్లో ఉప్పుకే పొగరెక్కువంటారు. రైలు వెళ్లిపోతే, రైలుకి తొందరెక్కువంటారు. ఒకసారి ఎవరింటికో భోజనానికి వెళ్లి వాళ్ల గొడుగు పట్టుకొచ్చేశారు. వాళ్లు వెతుక్కుంటూ వస్తే, "మరి మా గొడుగు మీ దగ్గర ఎందుకుంది?" అని వాళ్లనే నిలదీసి, వాళ్ల చేత క్షమాపణ చెప్పించుకుని, కాఫీ ఇచ్చి పంపించారు. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆ నోట "పొరపాటైంది" అన్న ఒక్క మాట వినాలని కోడలు చెవులు రిక్కించుకునే ఉంది. చెవుల పక్కన జుట్టు నెరిసింది గానీ ఆ మాట మాత్రం వినపడలేదు.

అలాంటి మనిషి ఒకరికి మాట ఇచ్చేశారు. కాఫీషాపు ఆయనకి. బండి ఇచ్చేస్తానని.

పోయిన వారం భాగం చదివి మీరు పుస్తకం మూసేసరికి ఆ బండి వెనక చక్రం ఊడి వరండా గోడకి ఆనుకుని ఉంది. ఆదివారం ఉదయం. సాయంత్రం నాలుగింటికి కాఫీషాపు వ్యాను వస్తుంది.

బండి మామగారిది. దూరప్రయాణాల కోసం చేసిన పాత మోటారు సైకిలు. ముందు గాలి అద్దం, రెండు పక్కలా సామాను పెట్టెలు, వెనక కూర్చునేవాళ్లకి సోఫా లాంటి సీటు. దానికి చైను ఉండదు. ఇంజను తిరుగుడంతా ఒక ఉక్కు కడ్డీ మోసుకెళ్లి వెనక చక్రానికి అందిస్తుంది. ఆ కడ్డీ పేరు డ్రైవ్‌షాఫ్ట్. మామగారు పోయాక కొడుకు దాని మీద ఒక్కడే క్లినిక్కుకి వెళ్లి వచ్చేవాడు. పిల్లిలా చప్పుడు లేకుండా పోయేది. ఈ మధ్యే, పెళ్లాన్ని వెనక ఎక్కించుకోగానే, గుంత తగిలినప్పుడల్లా వెనకనుంచి ఖంగుమని ఒక మూలుగు.

కొడుకు పళ్ల డాక్టరు. షాఫ్ట్ పోయిందని తేల్చేశాడు. పాత బండి, సామాను దొరకదు, కాబట్టి బండిని వదిలించుకోవడమే మందన్నాడు. అత్తగారు అంత దూరం కూడా వెళ్లలేదు. కోడల్ని కిందనుంచి పైదాకా ఒకసారి చూసి ఊరుకున్నారు.

"నేనెక్కితే బండికి తెలిసేదే కాదనేవారు మీ మామయ్య," అన్నారు తరవాత. "సీటు మీద పువ్వు పెట్టినట్టు ఉండేదిట."

ఆ పువ్వు సంగతి వినీ వినీ కోడలికి తోటలంటేనే విసుగొచ్చేసింది.

కానీ బండి పోతే తన లైట్‌హౌస్ పోతుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఆ లైట్‌హౌస్ దాకా ఈ బండి మీద, ఆ సోఫా మీద కూర్చుని వెళ్లాలని కోడలు ఏళ్లుగా అనుకుంటోంది. పిల్లల పరీక్షలు, ఆయన పేషెంట్లు, ఒకసారి వర్షాలు, ఒకసారి మరిది పెళ్లి, అన్నీ దాటుకుని ఇప్పటికి సెలవు కుదిరింది. ఇప్పుడేమో కాఫీషాపు ఆయన బండిని షాపు ముందు నిలబెట్టి, ఆ సీటు మీద పూలకుండీలు పెడతాడట.

"అత్తయ్యా, మాట వెనక్కి తీసుకోవచ్చుగా?" అని పొద్దున్నే అడిగి చూసింది.

"ఆ మూలుగు నా తప్పు వల్ల వచ్చిందని తేల్చు, తీసుకుంటా," అన్నారు ఆవిడ. అని, తన మాటకి తనే నవ్వుకున్నారు.

*

"ముందు రోగిని నోరు తెరవమనండి," అంది కోడలు.

"వేళాకోళం వద్దు. కేసు సీరియస్," అన్నాడు డాక్టరు. క్లినిక్కులో నోళ్లలోకి తొంగిచూసే చిన్న అద్దం, చిన్న టార్చి, పళ్లు గీకి చూసే కొక్కెం, అన్నీ ఒక ట్రేలో పెట్టుకుని తెచ్చాడు. కింద పాత బనీను పరిచాడు.

మామగారు వెనక చక్రం విప్పినప్పుడల్లా టార్చి పట్టింది కోడలే. కొడుకుని పిలిస్తే పేషెంటు ఉన్నాడనేవాడు. అందుకే ఏ నట్టు తరవాత ఏ నట్టో ఆమె చేతికి గుర్తుంది. చక్రం పక్కన ఉండే గేర్ల డబ్బా నట్లు వదులు చేసి, దాన్ని రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగింది. ఒరలోంచి కత్తి వచ్చినట్టు, డబ్బాతో పాటు షాఫ్ట్ కూడా బయటికి జారింది.

షాఫ్ట్ చివర చుట్టూ సన్నటి పళ్లు. వాటినిండా ఇటికరంగు పొడి.

"చూశావా!" డాక్టరు ముఖం వెలిగిపోయింది. "తుప్పు! చెప్పానా? పీకి పారేయాల్సిందే."

"మీకు ఏది చూసినా పీకబుద్ధే. ముందు తోమండి."

పాత టూత్‌బ్రష్, గిన్నెలో కిరసనాయిలు అందించింది. డాక్టరు తోమాడు. మామూలు తోముడు కాదు. పేషెంట్లకి బొమ్మపళ్ల మీద చూపించే పద్ధతిలో, కిందనుంచి పైకి, గుండ్రంగా, ఓపిగ్గా. పొడి వదిలింది. కింద పళ్లు తేలాయి. కొక్కెంతో ఒక్కొక్కటీ గీకి చూశాడు. అద్దం పెట్టి వెనకవైపు చూశాడు. ఆయన ముఖంలో వెలుగు మెల్లిమెల్లిగా ఆరిపోయింది. అబద్ధం చెప్పొచ్చు. కానీ పళ్ల విషయంలో అబద్ధం చెప్పడం ఆయన వల్ల కాదు.

"ఎలా ఉన్నాయి?"

"...బానే ఉన్నాయి."

"గట్టిగా. అత్తయ్యకి వినపడాలి."

"పళ్లు బానే ఉన్నాయమ్మా! అరుగుదల లేదు. గ్రీజు ఆరిపోయింది, అంతే!"

లోపలినుంచి అత్తగారి గొంతు తాపీగా వచ్చింది. "నేను షాఫ్ట్ అన్నానా ఎప్పుడైనా? అన్నది నువ్వు. నేనన్నది వేరు."

షాఫ్ట్ మొదట్లో ఉండే కీలుని అటూ ఇటూ తిప్పి చూశారు. వదులు లేదు. డబ్బాలో నూనె దించి చూశారు. ఇనుపరజను లేదు. షాఫ్ట్ మీద పెట్టిన కేసు కొట్టేసినట్టే. కోడలు నల్లటి గ్రీజు పేస్టుని చిటికెన వేలితో, కంటికి కాటుక దిద్దినంత పల్చగా, పంటి పంటికీ పట్టించింది. పనిలో పనిగా మొగుడి ముక్కు మీద ఒక చుక్క పెట్టింది. ఆయన చూసుకోలేదు. ఆమె చెప్పలేదు.

బిగించేటప్పుడు డాక్టరు స్పానరు పట్టుకుని ఉత్సాహంగా ముందుకొచ్చాడు.

"ఆగండాగండి. డబ్బా నట్లు ఇప్పుడే గట్టిగా బిగించకూడదు. చేత్తో తిప్పి వదిలెయ్యండి. చక్రం పెట్టి, యాక్సిల్ బిగించాక, షాఫ్ట్ దాని చోట్లో అది సర్దుకుని కూర్చుంటుంది. అప్పుడు బిగించాలి. ముందే బిగిస్తే వంకరగా కూర్చుని జీవితాంతం సాధిస్తుంది."

"ఎవరు చెప్పారు?"

"మామయ్యే. కొత్త కోడలి సంగతీ అంతేనమ్మా, కొన్నాళ్లు వదులుగా వదిలెయ్యాలి అనేవారు."

"నిన్ను వదిలేసే ఉంచాం," అన్నారు అత్తగారు లోపలినుంచి. "బిగించడమే మర్చిపోయాం."

*

చక్రం ఎక్కింది. నట్లు బిగిశాయి. బండిని స్టాండు దించి, ఇద్దరూ ఎక్కి కూర్చుని, వాకిట్లో గేటు దగ్గర ఉన్న చిన్న మెట్టు మీదుగా మెల్లగా దింపారు.

ఖంగు.

కోడలి గుండె కూడా అదే చప్పుడు చేసింది. షాఫ్ట్ బాగుంది, గ్రీజు పట్టించారు, అన్నీ సరిగ్గా కూర్చున్నాయి. అయినా మూలుగు మాత్రం మూలుగే. అత్తగారు గుమ్మంలోకి వచ్చి, తలుపుకి ఆనుకుని నిలబడ్డారు.

"ఏవండీ, మీరు వెనక సీటు మీదికి రండి," అంది కోడలు కిందికి దిగి. "కూర్చుని గెంతండి."

"నేనా? వీధిలో వాళ్లు చూస్తారు."

"మీ ముక్కు మీద గ్రీజు ఎలాగూ చూశారు. గెంతండి."

డాక్టరు ముక్కు తుడుచుకుని, అది చెంపంతా పులుముకుని, గెంతాడు. కోడలు నేల మీద చతికిలబడి చక్రం పక్కనుంచి చూసింది. ఆయన గెంతినప్పుడల్లా బండి వెనకభాగం మొత్తం దిగిపోతోంది. దిగి, దిగి, ఇక దిగడానికి చోటు లేక అడుగున రబ్బరు దిమ్మకి ఢీకొంటోంది. మూలిగేది షాఫ్ట్ కాదు. వెనక షాక్‌అబ్జార్బర్లు. ఒక్క మనిషి బరువుకి వాటి స్ప్రింగులు చాలుతున్నాయి, రెండో మనిషి ఎక్కేసరికి చేతులెత్తేస్తున్నాయి.

పక్క రేకు తీసి చూసింది. సీటు కింద ఒక మూల, దుమ్ములో కూరుకుపోయిన చిన్న మూత. కింద షాక్‌అబ్జార్బర్లలోకి గాలి ఎక్కించే వాల్వు, సైకిలు ట్యూబుకి ఉన్నట్టే.

అది చూడగానే కోడలికి ఒక సంగతి గుర్తొచ్చింది. ఎప్పుడో టార్చి వెలుగు దీని మీద పడితే, "ఇదేంటి మామయ్యా?" అని అడిగింది. ఆయన నవ్వి, "అది మా ఇద్దరి వ్యవహారంలేమ్మా," అని రేకు మూసేశారు. ఆ ఇద్దరూ ఆయనా బండీ అనుకుని ఊరుకుంది అప్పట్లో.

"దాన్ని ముట్టుకోకు," అన్నాడు డాక్టరు.

"ఎందుకు?"

"అమ్మ చెప్పింది. నాన్న ఎప్పుడూ ముట్టుకోలేదట."

"ముట్టుకోలేదు," అన్నారు గుమ్మంలోంచి అత్తగారు. "పెళ్లయిన దగ్గర్నుంచీ వెనకాల కూర్చున్నదాన్ని, నాకు తెలీదా? అందులో ఉన్నది కంపెనీవాడు పెట్టిన గాలే. మనం వేలు పెట్టకూడదు. నా కొడుక్కి అదే చెప్పాను."

కోడలు మూత తీసి వాల్వు పిన్నుని గోటితో నొక్కింది. లోపల గాలి ఉంటే ఉస్సుమనాలి. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"కంపెనీవాడి గాలి కంపెనీకే వెళ్లిపోయిందత్తయ్యా. చుక్క లేదు."

"అయితే బండిని తోసుకెళ్లి టైర్లకి గాలి కొట్టేచోట కొట్టించుకొద్దాం," అన్నాడు డాక్టరు.

"అమ్మో, వద్దు. దీనిలో పట్టేది గుక్కెడు గాలి. అక్కడి మిషన్‌తో కొడితే ఒక్క దెబ్బకి లోపలి రబ్బరు సీళ్లు చినుగుతాయి. చిన్న చేతిపంపు కావాలి, ముల్లు చూసుకుంటూ మెల్లిగా ఎక్కించేది. ఆదివారం నాడు ఎక్కడ దొరుకుతుందో ఏమో."

అత్తగారు ఇక వినాల్సిందేమీ లేదన్నట్టు లోపలికి వెళ్లిపోయారు. మధ్యాహ్నం ఆవిడ కుట్టుమిషన్ దగ్గర కూర్చునే వేళ. డాక్టరు మెట్టు మీద కూలబడ్డాడు. కోడలు వాల్వు మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

కిటికీలోంచి చప్పుడు. ఫుస్. ఫుస్. ఫుస్.

ఈ ఇంట్లో రోజూ వినే చప్పుడే. కుట్టడానికి ముందు అత్తగారు మిషన్ లోపలి దారప్పీచు ఊదేసే చప్పుడు. ఎంత అలవాటైపోయిందంటే, గడియారం టిక్కుటిక్కులాగే చెవులు దాన్ని పట్టించుకోవడం మానేశాయి.

మొగుడూ పెళ్లాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

*

"అత్తయ్యా, ఇది మీకెక్కడిది?"

"మీ మామయ్య నా మిషన్ కోసం కొన్నారు," అన్నారు ఆవిడ, ఇంకోసారి ఫుస్సుమనిపించి. "పాపం, ఇవ్వడం మర్చిపోయారు. పోయాక ఆయన రైడింగ్ కోటు జేబులో దొరికింది. చెప్పకుండా బహుమతులు కొనడం ఆయనకి అలవాటు."

జానెడు పొడుగు పంపు. ఒక చివర పిడి, మధ్యలో గుండ్రటి చిన్న డయల్, రెండో చివర మరలున్న మూతి.

"దారప్పీచు ఊదడానికి, గాలి ఎంతుందో చూపించే ముల్లెందుకత్తయ్యా?"

"ఆయనకి ప్రతిదీ లెక్కే."

"మూతికి మరలెందుకు?"

"నీకు ప్రతిదానికీ ప్రశ్నే."

అయినా ఆవిడ లేచి వెంట వచ్చారు. కోడలు పంపు మూతిని వాల్వుకి పెట్టి తిప్పింది. ఒకదానికొకటి పుట్టినట్టు కూర్చుంది.

"ఏ మరైనా దేనికైనా పడుతుంది," అన్నారు అత్తగారు. కానీ అన్నది కొంచెం మెల్లిగా.

డాక్టరు టార్చి తెచ్చి డయల్ మీద వేశాడు. అంకెల మధ్య రెండు చుక్కలు. ఎవరో సన్నటి కుంచెతో పెట్టినవి. పాతబడ్డా, ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. అత్తగారు కళ్లజోడు పైకి తోసుకుని వంగారు.

"ఇది నా గోళ్లరంగు."

ఇంకాస్త దగ్గరికి వంగి చూశారు.

"ఆ సీసా మా చెల్లెలు ఎత్తుకుపోయిందని..." అని ఆగిపోయారు.

"పిన్ని ఎంత మొత్తుకున్నా నమ్మలేదు నువ్వు," అన్నాడు కొడుకు. "పండగ పూట కూడా గుర్తుచేసేదానివి."

కింద చుక్క ఆయన ఒక్కరూ వెళ్లేటప్పుడు. పై చుక్క ఇద్దరూ వెళ్లేటప్పుడు. అది ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతోంది. రెండు చుక్కల మధ్య దూరం కాస్త ఎక్కువే ఉంది. కోడలు మర్యాదస్తురాలు కాబట్టి అటు చూడలేదు. కొడుకు చూశాడు.

"పువ్వు పెద్దదేనమ్మా," అన్నాడు.

"నోర్ముయ్. ఇలా ఇవ్వు అది," అన్నారు అత్తగారు. "ముప్పొద్దులా మిషన్ తిప్పే చేతులు నావి. మీ అనుమానం తీరేదాకా కొడతాను, అప్పుడు తెలుస్తుంది గాలికీ మూలుగుకీ ఏ సంబంధమూ లేదని."

చిన్న స్టూలు వేసుకుని, సీటు పక్కన వంగి, పంపు కొట్టడం మొదలుపెట్టారు. పిడి లాగినప్పుడు తేలిగ్గానే ఉంది, నొక్కినప్పుడు మొండికేసింది. ముల్లు కదిలింది. కింద చుక్క దాటింది. ఆవిడ ఆగలేదు. పై చుక్క దగ్గరపడేకొద్దీ పిడి గట్టిపడింది, ఆవిడ ఊపిరి పొట్టిపడింది. చివరికి ముల్లు ఎర్రచుక్క మీద నిలబడింది. ఆవిడ పంపు వదిలి, సీటు మీద చెయ్యి ఆనించి, వంగినవారు వంగినట్టే, రొప్పుతూ ఉండిపోయారు.

"మంచినీళ్లు తేనా అత్తయ్యా?"

ఆవిడ తన చేతిని చూసుకుంటున్నారు. సీటు మీద ఆనిన చేతిని.

"నేను తాళం వేసి వచ్చేసరికి ఇలాగే ఉండేవారు," అన్నారు.

"ఎవరు?"

"ఇక్కడే. ఇలాగే వంగి. నేను తాళం వేసి, స్టవ్వు కట్టేశానో లేదో అని మళ్లీ వెనక్కి వెళ్లి, చూసుకుని, మళ్లీ తాళం వేసి వచ్చేదాన్ని. వచ్చేసరికి సీటు మీద చెయ్యేసి రొప్పుతూ ఉండేవారు. ఏం చేస్తున్నారంటే, నీకోసం సీటు తుడుస్తున్నా అనేవారు."

ఆవిడ నవ్వబోయారు. సగంలో ఆగింది.

"సీటు తుడిస్తే ఈ మనిషికి ఇంత ఆయాసమేంటి, ఏమైనా జబ్బేమో అనుకునేదాన్ని. డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లాను ఓసారి. ఆయన వచ్చారు కూడా! నిక్షేపంగా పరీక్షలన్నీ చేయించుకున్నారు గానీ, నిజం మాత్రం చెప్పలేదు."

డాక్టరు ఏదో జోకు వేయబోయి, పెళ్లాం చూపు చూసి మానేశాడు. కోడలు పంపు మూతిని మెల్లిగా విప్పి, వాల్వుకి మూత పెట్టింది.

"ఒకసారి ఎక్కి చూస్తాం అత్తయ్యా."

ఆవిడ తలూపారు. ఇద్దరూ ఎక్కారు. అదే వాకిలి, అదే మెట్టు. బండి మెట్టు దిగింది. వెనకభాగం కాస్త వంగి, మర్యాదగా మళ్లీ లేచింది. చప్పుడు లేదు. ఇంకోసారి ఎక్కించి దించారు. లేదు. డాక్టరు కావాలని గట్టిగా దించాడు. ఎక్కడో పక్కింట్లో కుక్కర్ కూసింది గానీ, బండి మాత్రం నోరు మెదపలేదు.

వెనక సీటు మీద కోడలికి సముద్రపు గాలి తగిలినట్టే అనిపించింది.

సరిగ్గా అప్పుడే గేటు బయట హారన్ మోగింది.

వ్యాను తలుపు తీసుకుని కాఫీషాపు ఆయన దిగాడు. వ్యాను పక్కన కొత్తగా రంగులేయించిన పెద్ద బోర్డు. దాని మీద ఈ బండి బొమ్మే, అద్దంతో, పెట్టెలతో, సీటు నిండా పూలతో. చంకలో నిజం పూలకుండీ. సీటు మీద సరిపోతుందో లేదో కొలవడానికట.

"రేపే ఓపెనింగమ్మా," అన్నాడు సంతోషంగా. "బోర్డు కూడా వచ్చేసింది. వ్యాను పలక దింపేస్తున్నా, బండి ఎక్కించడమే ఆలస్యం. మీ మాటంటే మాటేనని వీధంతా చెప్పారు."

డాక్టరు బండి దిగి చెంప మీది గ్రీజు తడుముకున్నాడు. కోడలు దిగలేదు. దిగితే మళ్లీ ఎక్కనిస్తారో లేదో అని, సీటు అంచు పట్టుకుని అలాగే కూర్చుంది. పొద్దున అత్తగారు పెట్టిన షరతు ఆమె నోటిదాకా వచ్చింది. కానీ అడగలేదు. అడిగి రాబట్టేది కాదు అది.

అత్తగారు స్టూలు మీంచి లేచారు. పంపు కొట్టి నల్లబడిన చెయ్యి వెనక్కి పెట్టుకుని, శుభ్రంగా ఉన్న చేత్తో సీటు మీద, కోడలి పక్కన ఖాళీగా ఉన్న కాస్త చోటూ తుడిచారు. అక్కడ దుమ్మేమీ లేదు.

"బాబూ, ఆ కుండీ కాస్త కింద పెట్టండి," అన్నారు. "మీ బోర్డు సంగతి తరవాత మాట్లాడుకుందాం. ముందు నేనొక మాట అనాలి. నాకు అలవాటు లేని మాట. మధ్యలో ఎవరూ అడ్డం రాకండి, మళ్లీ మొదలుపెట్టలేను."

కాఫీషాపు ఆయన కుండీ కింద పెట్టాడు. డాక్టరు నోరు తెరిచి, అలాగే ఉంచాడు. కోడలు, కాపురానికి వచ్చిన నాటినుంచీ రిక్కించుకుని ఉన్న చెవుల్ని, ఇంకొంచెం రిక్కించింది.

అత్తగారు గొంతు సవరించుకున్నారు. బండి వైపు చూశారు.

"తప్పు నాదే," అన్నారు, వీధి అవతలికి కూడా వినపడేలా. "నేనెక్కితే బండికి తెలిసేది."